సవరణ: ఉచిత మాల్‌వేర్‌బైట్స్ ఎంతవరకు కాపాడుతుంది?

ఇంటి కంప్యూటరు భద్రతపై రాసిన గత వ్యాసంలోని "విండోస్ డిఫెండర్‌కు తోడుగా ఉచిత మాల్‌వేర్‌బైట్స్ ఉంచుకోండి" అన్న సలహాను, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్, విడిగా వేసుకునే హానికర ప్రోగ్రాముల తొలగింపు సాధనం మాల్‌వేర్‌బైట్స్ రెండూ నిరంతరం కాపలా కాస్తాయన్న అర్థంలో తీసుకోకూడదు. ఉచిత మాల్‌వేర్‌బైట్స్ మనం స్కాన్ నొక్కినప్పుడే వెతికి, దొరికిన హానికర ప్రోగ్రాములను తొలగిస్తుంది. ఫైలు తెరిచే క్షణంలోనే అడ్డుకునే రక్షణ డబ్బు చెల్లించి వాడేదానిలోనే ఉంటుంది, కొత్తగా వేసుకున్నవారికి అది కొన్నాళ్లు ట్రయల్‌గా అందడమే ఈ అపోహకు మూలమని నా అభిప్రాయం. కాబట్టి డిఫెండర్‌ను దయచేసి ఆపవద్దు. మరో పూర్తిస్థాయి యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ సాధారణంగా తనంతట తానే తప్పుకుంటుంది గనుక, ఆ యాంటీవైరస్‌ను తీసేసిన తరువాత విండోస్‌లోని విండోస్ సెక్యూరిటీ యాప్ తెరిచి, డిఫెండర్ నిరంతర కాపలా అయిన రియల్‌టైమ్ ప్రొటెక్షన్ మళ్లీ ఆన్ అయిందో లేదో, ముఖ్యంగా ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటరులో, తప్పక చూసుకోవాలి.