మహారాజశ్రీ కేర్ ప్లాన్ గారి సముఖానికి

మహారాజశ్రీ నర్సింగ్ కేర్ ప్లాన్ గారికి,

ఫిమేల్ సర్జికల్ వార్డులో డ్యూటీ దిగి, మెస్‌లో చల్లారిపోయిన పప్పన్నం తిని, శ్రీకాకుళంలోని హాస్టల్ గదిలో కూర్చుని మీ విధేయురాలు రాసుకునే మనవి.

నిన్న మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు దాకా, మా వార్డులో ఒక మామ్మ కోసం, రికార్డు పుస్తకంలో తమరిని మూడుసార్లు గీశాను. పేజీ అడ్డంగా తిప్పి, స్కేలు పెట్టి, పేషెంటు ఏమంది అన్నది మొదలు మేం చేసినదానికి ఏమైంది అన్నదాకా ఏడేసి గడులు. మూడుసార్లూ మేడమ్ ఎర్ర పెన్ను ఒకే చోట ఆగింది: ‘టిష్యూ పెర్ఫ్యూజన్ (కణజాలానికి రక్తం అందడం) తగ్గింది’ అన్న సమస్య పక్కన, దానికి కారణం రాసే ‘రిలేటెడ్ టు’ దగ్గర. మొదటిసారి అక్కడ డయాబెటిస్ అని రాశాను. “అది డాక్టరు గారి డయాగ్నసిస్. నీది ఏది?” అన్నారు. రెండోసారి రక్తప్రసరణ తగ్గడం వల్ల అని రాశాను. “టిష్యూ పెర్ఫ్యూజన్ తగ్గిందన్నా అర్థం అదే కదమ్మా. కుళాయిలో నీళ్లు ఎందుకు రావట్లేదంటే, నీళ్లు రాక అంటావా?” పక్క మంచం అటెండెంట్లు కూడా నవ్వారు. మూడోసారి అథెరోస్క్లెరోసిస్ (ధమనుల్లో కొవ్వు పేరుకోవడం) అని, స్పెల్లింగ్ చూసుకుని మరీ రాశాను. మార్జిన్‌లో ‘లింక్ ఎక్కడ?’ అని రాసి, సంతకం పెట్టకుండా ఇచ్చేశారు.

వెనక పేజీలోనే పాథోఫిజియాలజీ, అంటే జబ్బు ఒంట్లో ఎలా ముదురుతుందో, రెండు పేజీలు బాణం గుర్తులతో సహా ఉంది కదండీ! అక్కడి నుంచి ఇక్కడికి వంతెన కూడా నేనే కట్టాలని తమరు ఒక్క మాటైనా చెప్పారా?

తమరి మీద చిల్లర కోపాలు ఇంకా ఉన్నాయి. ఇవాల్యుయేషన్ గడిలో ‘గోల్ పార్షియల్లీ మెట్’ అని పేషెంటు మొహం చూడకముందే రాసేస్తాం, అది తమకూ తెలుసు. కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చే కిడ్నీ పేషెంట్ల సంగతి మరీ ఘోరం. ఉద్దానంలో ఆ జబ్బుకి కారణం ఇదీ అని పెద్ద పెద్దవాళ్లే ఇంకా తేల్చలేదు, తమరు మాత్రం మూడు అంగుళాల గడి ఇచ్చి కారణం రాయమంటారు.

అవన్నీ క్షమించాను. తలగడ సంగతి మాత్రం క్షమించలేను.

ఆ మామ్మకి షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు పెళ్లి కాకముందు నుంచీ ఉందట. కుడికాలి బొటనవేలు నల్లబడింది. గోరు నొక్కి వదిలి లెక్కపెట్టాను. రెండు, మూడు సెకన్లలో ఎర్రదనం రావాలి. అయిదు దాటింది. పాదం మీద నాడి ఎంత వెతికినా దొరకలేదు. ఎడమకాలు వెచ్చగా ఉంది, కుడిది నూతి గట్టు రాయిలా ఉంది. ఇవన్నీ ఆబ్జెక్టివ్ డేటాలో చక్కగా రాశాను. సబ్జెక్టివ్ డేటాలో మామ్మ మాట ఉన్నదున్నట్టు రాశాను: “రాత్రి పడుకుంటే కాలు పోటు. కిందకేలాడేస్తే తెరిపిగుంటాది.”

ఆ తర్వాత, మేం ఏం చేయాలో రాసే ఇంటర్వెన్షన్ గడి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జెరాక్స్ తీయించిన సీనియర్ రికార్డులో ‘కాళ్లు ఎత్తులో పెట్టాలి’ అని ఉంది. దించేశాను. దించడమే కాదు, చేశాను కూడా. మొన్న మామ్మ కాలు ఎత్తి కింద తలగడ పెట్టాను. ఆవిడ తీసేసింది. మళ్లీ పెట్టాను. “ఒగ్గీయే గుంటా, పోటెక్కువైపోతంది” అంది. చెప్పిన మాట వినాలి మామ్మా అని కసిరాను కూడా.

ఆ రికార్డులోది సిరల జబ్బు కేసు. సిరల్లో రక్తం కింద నిలిచిపోతుంది, ఎత్తితే పైకి పోతుంది, వాపు తగ్గుతుంది. మామ్మది ధమనుల జబ్బు. పొగకీ షుగర్‌కీ ధమని గోడ దెబ్బతిని, కొవ్వు పేరుకుని, దారి సన్నబడి, పాదం దాకా రక్తం అందడమే కష్టమైపోయింది. ఎత్తితే ఆ కాస్తా అందదు. గుండె మట్టానికి కిందకి ఉంచితే కాస్త దిగుతుంది. నిన్న రాత్రి పదకొండింటికి నా బాణం గుర్తుల వెంట వేలు పెట్టి నడుచుకుంటూ వస్తుంటే ఇది తగిలింది. పనిలో పనిగా, పాదం చల్లగా ఉందని వేడినీళ్ల సంచి పెట్టాలనే లైను కూడా కొట్టేశాను. షుగర్‌తో స్పర్శ మొద్దుబారిన కాలు, కాలినా తెలియదు.

ఏమయ్యా, మొదటి గడిలో మామ్మ మాట నీ దగ్గరే ఉంది కదా! అదే పేజీలో నాలుగు గడుల అవతల నేను దానికి సరిగ్గా ఉల్టా రాస్తుంటే నీ గీతలైనా అడ్డం రాలేదేం? గీతలు కొంచెం వంకరపోతే మార్కులు తీయించుకుంటావే, ముసలిదాని కాలు రెండు రోజులు తలగడ ఎక్కితే నీకు ఏమీ పట్టదా?

పొద్దున ఎనిమిదింటికి పరుగెత్తాను. తలగడ మంచం కింద ఉంది. మామ్మ కాలు వేలాడేసుకుని టీ తాగుతోంది. నన్ను చూడగానే కాలు వెనక్కి లాక్కుని, “ఏటి, మళ్లీ ఎత్తీడానికొచ్చినావా?” అంది. తలగడ దులిపి తల కింద పెట్టాను. దుప్పటి పాదం మీదకి లాగాను. ఆవిడ నన్ను నమ్మినట్టు లేదు.

మేడమ్ నా కొత్త ‘రిలేటెడ్ టు’ చదివి, మొదటిసారి ఎర్ర పెన్ను మూత పెట్టారు. కానీ ఎలివేట్ అన్న మాట మీద అడ్డగీత ఉందట. కొట్టివేతలున్న రికార్డు మీద సంతకం పెట్టరట. అంటే తమరిని నాలుగోసారి గీయాలి. నా స్కేలు రూమ్మేట్ పట్టుకుపోయింది.

ఇట్లు,
తమ విధేయురాలు,
రెండో సంవత్సరం