చైన్ టైట్ చెయ్యమని అడగొద్దు బాబూ

ఏ బైకుల షెడ్డు ముందైనా పది నిమిషాలు నిలబడండి, ఈ మాట వినపడి తీరుతుంది: "అన్నా, చైన్ లూజైంది, కొంచెం టైట్ చెయ్యి." పదేళ్ళపాటు నేనూ ఇదే మాట అన్నాను. ఇప్పుడు ఎవరన్నా అంటుంటే ఒళ్ళు మండుతోంది. లూజైన చైన్ గోల చేస్తుంది, మరీ వదిలేస్తే ఊడిపోతుంది కూడా. కానీ మరీ బిగిసిన చైన్ దెబ్బ చప్పుడు చెయ్యకుండా ఇంజన్ లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. జేబుకు చిల్లు పడ్డాక తెలిసిన సంగతి ఇది.

నాది 125 సీసీ బండి. రోజూ విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి దాకా వెళ్ళి రావాలి. దారంతా దుమ్ము, వానాకాలమైతే బురద. రెండు నెలలకోసారి చైన్ గలగలమనేది, షెడ్డుకు పట్టుకెళ్ళేవాణ్ణి. అక్కడి కుర్రాడు సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం నట్టు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి జరిపే అడ్జస్టర్లు తిప్పి, చైన్ కర్రలా బిగిశాక "సెట్టయింది సార్" అనేవాడు. చప్పుడు పోయింది కదా అని నేనూ సంతోషంగా డబ్బులిచ్చి వచ్చేసేవాణ్ణి.

ఈ వేసవిలో ఒకరోజు పొద్దున్నే చూస్తే బండి కింద ఎడమవైపు నాలుగు నల్లటి చుక్కలు. చైన్‌కి వేసిన ఆయిలేలే అనుకున్నా. వారానికి నాలుగు చుక్కలు కాస్తా అరచేతంత మరక అయింది. షెడ్డులో చూపిస్తే, "ముందు పాకెట్ వెనకాల సీలు పోయింది సార్, పాకెట్ కూడా అరిగింది. ఆ రెండూ మార్చేద్దాం, చైన్ ఇంకో ఏడాది వస్తుంది" అన్నాడు. (పాకెట్ అంటే స్ప్రాకెట్టే, చైన్ తిరిగే పళ్ళ చక్రం. ముందుది ఇంజన్ దగ్గర, వెనకది చక్రం దగ్గర ఉంటుంది. సీలంటే ఆయిలు బయటికి కారకుండా ఆపే రింగు. షెడ్డులో స్ప్రాకెట్ అంటే మనల్ని కొత్తవాళ్ళనుకుంటారు.) సీలు ఎందుకు పోయిందని అడిగితే "పాతబడితే పోతుంది సార్" అన్నాడు. ఆ జవాబు మింగుడుపడలేదు. ఆటోనగర్ వెళ్ళి పూర్తి చైన్ సెట్టు (చైన్, రెండు స్ప్రాకెట్లు), సీలు, ఒక డబ్బా ఇంజన్ ఆయిలు కొనుక్కొచ్చి, ఆదివారం మా బావని సాయం పిలిచి ఇంటి ముందే విప్పాను.

గేర్ రాడ్డు తీసి, ఎడమవైపు కవర్ ఊడదీస్తే లోపల ఏముందనుకున్నారు? ఆయిలు, దుమ్ము, ఇసుక కలిసి గట్టిపడిన నల్లటి ముద్ద, పొయ్యి మీద మాడిన హల్వాలాగా. స్క్రూడ్రైవర్‌తో గీకితే కిరోసిన్ డబ్బా మూత నిండింది. ఆ ముద్ద కింద స్ప్రాకెట్. పళ్ళు నిటారుగా లేవు, అన్నీ ఒకే పక్కకి కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి. వెనక చక్రం వైపుది మాత్రం చూడటానికి బాగానే ఉంది. ఎందుకంటే ముందుది 14 పళ్ళు, వెనకది 42. వెనకది ఒక్క చుట్టు తిరిగేలోపు ముందుది మూడు చుట్లు తిరుగుతుంది. అంటే ముందు వైపు ఒక్కో పన్ను మూడు రెట్లు చైన్‌తో కుస్తీ పడుతుంది. అరక్క ఏం చేస్తుంది?

ముందు స్ప్రాకెట్‌ని పట్టి ఉంచేది చిన్న ప్లేటు, రెండు బోల్టులు. 10 పానా చాలు. అయితే అందరూ చేసే తప్పే నేనూ చేయబోయాను, ముందుగా చైన్ లాక్ తీయబోయాను. చైన్ ఊడితే స్ప్రాకెట్‌ని ఆపేదేమీ ఉండదు, పానా పెట్టగానే బోల్టుతోపాటు అదీ తిరుగుతుంది. అప్పుడే ఉలీ సుత్తీ బయటికొస్తాయి. అందుకే చైన్ ఉండగానే, "బావా, వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకో" అని బోల్టులు రెండూ వదులు చేశా. ఆ తర్వాత చైన్ తీసి, ప్లేటుని ఒక్క గాడి పక్కకి తిప్పితే ప్లేటూ స్ప్రాకెట్టూ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి బయటికొచ్చే కడ్డీ) మీంచి జారి చేతిలోకి వచ్చేశాయి. షాఫ్టు పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూశా, ఆడటం లేదు. హమ్మయ్య, బేరింగ్ బతికింది. అది పోయుంటే ఇంజన్ విప్పాల్సి వచ్చేది. పాత ఆయిలు దించేసి సీలు మార్చాను. నా బండికి అది బయటి నుంచే వస్తుంది.

కొత్త సెట్టు ఎక్కించాక అసలు సంగతి బయటపడింది. షెడ్డులో చేసినట్టే సెంటర్ స్టాండ్ మీదే చైన్‌ని బాగా బిగించి, స్టాండ్ తీసి, బావని వెనక కూర్చోమన్నా. ఆయన తొంభై కిలోలకి తక్కువ ఉండడు. ముందు మా అక్క కూర్చుంది. కింద వంగి, చైన్ కవర్‌కున్న చిన్న రబ్బరు బిరడా తీసి వేలు పెట్టి చూస్తే చైన్ ఇనుప చువ్వలా ఉంది. ఒక్క పిసరు కదల్లేదు! స్టాండ్ మీద చక్రం కిందకి వేలాడుతుంది. మనుషులు కూర్చుంటే షాకులు దిగి, చక్రం ఇరుసు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చెయ్యి) బండికి అతుక్కునే చోటు, ముందు స్ప్రాకెట్ ఒకే గీతలోకి వస్తాయి. ఆ క్షణంలో వాటి మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ. స్టాండ్ మీదే బిగుసుకున్న చైన్ ఇంకెక్కడికి సాగుతుంది? ప్రతి గుంతలోనూ గేర్‌బాక్సు షాఫ్టుని వెనక్కి గుంజుతుంది. సీలు, బేరింగు, వెనక హబ్బు అన్నీ ఆ గుంజుడే తింటాయి. ఇక వెనక 25 కిలోల బియ్యం బస్తా కూడా వేసుకుని గుంతల్లో వెళ్ళేవాళ్ళ సంగతి ఆలోచించండి. "పాతబడితే పోతుంది సార్" అట!

అందుకే కంపెనీ పుస్తకంలో వదులు ఇంత ఉండాలని మిల్లీమీటర్లలో రాస్తారు. ఇలాంటి బండ్లకి మామూలుగా 20 నుంచి 30 ఉంటుంది, మీ బండికి ఎంతో మీ పుస్తకంలో చూసుకోండి. కింది వైపు చైన్ మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడిస్తే వచ్చే మొత్తం కదలిక అది. చక్రం తిప్పుతూ ఎక్కడ ఎక్కువ బిగువుందో అక్కడే కొలవాలి, చైన్ అన్ని చోట్లా సమానంగా సాగదు. అడ్జస్టర్ గీతలు రెండు వైపులా ఒకే అంకె మీద ఉండాలి. ఇరుసు నట్టు బిగించాక మళ్ళీ కొలవాలి, బిగింపులో మారిపోతుంది. డ్రమ్ము బ్రేకైతే చక్రం వెనక్కి జరిగిన కొద్దీ బ్రేకు బిగుసుకుంటుంది, బ్రేకు రాడ్డు కూడా సరిచెయ్యాలి.

స్ప్రాకెట్ ఒక్కటే మార్చి చైన్ ఉంచేద్దాం అన్న సలహా మీదా నాకు కోపమే. సాగిన చైన్ కొలత కొత్త పళ్ళకి కలవదు. కొత్త స్ప్రాకెట్ నెలల్లోనే పాతదానిలా తయారవుతుంది. మిగిలింది ఏమిటి, రెండోసారి కూలీ.

పనిలో పనిగా ఆ "14 తీసి 15 పళ్ళది వెయ్, మైలేజీ పెరుగుద్ది" గాళ్ళ గురించి కూడా. ముందు స్ప్రాకెట్‌కి ఒక్క పన్ను పెంచితే అదే స్పీడుకి ఇంజన్ తిరుగుడు ఏడు శాతం దాకా తగ్గుతుంది, నిజమే. హైవే మీద ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి హాయి. మాలాంటి వాళ్ళు ట్రాఫిక్‌లో ఇద్దరు మనుషులతో ఫ్లైఓవర్ ఎక్కుతూ క్లచ్ అరగదీసుకోవడం తప్ప మైలేజీ కళ్ళజూడరు. పైగా కొన్ని బండ్లలో స్పీడు లెక్క గేర్‌బాక్సు దగ్గర్నుంచి వస్తుంది. వాటిలో మీటరు 60 చూపిస్తుంటే మీరు 64లో ఉంటారు.

వేస్టాయిలు (ఇంజన్‌లోంచి దించేసిన పాత ఆయిలు) చైన్ మీద పోసే అలవాటు గురించి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది. 90 నంబర్ గేరాయిల్ దొరుకుతుంది, అది వాడండి. చైన్ తుడిచేటప్పుడు ఇంజన్ ఆపండి. గేర్లో వేసి గుడ్డ పట్టి తుడిచేవాళ్ళు వేళ్ళు పోగొట్టుకున్న సంఘటనలు బోలెడు.

పోయిన వారం పంక్చర్ వేయించడానికి వెనక చక్రం విప్పాల్సి వచ్చింది. మళ్ళీ బిగించేటప్పుడు కుర్రాడు అలవాటుగా అడ్జస్టర్ తిప్పేస్తుంటే ఆపి, వేలితో చూపించి, "ఇంత వదులు ఉంచమ్మా" అన్నా. నా మొహంలోకి అదోలా చూశాడు. "మీ ఇష్టం సార్. రేపు చప్పుడొస్తే నన్ననొద్దు."