శాలువా కప్పే ముందు మన నియోజకవర్గం గురించి తెలుసుకుందాం

కెనడాలోని మన తెలుగు సంఘం జరిపిన ఈ ఉగాది సభలో పంచాంగ శ్రవణానికీ పిల్లల నృత్యాలకూ మధ్య జరిగిన సన్మాన కార్యక్రమం నన్ను చాలా బాధపెట్టింది. శాసనసభ్యుణ్ణి వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, మనవాళ్లు ఆయన్ను కోరింది ఒక్కటే: తల్లిదండ్రుల వీసాలు త్వరగా వచ్చేలా చూడమని. వీసాలు ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వ పరిధిలోనివని ఆయన మర్యాదగానే చెప్పారు. ఇంతలో పన్నెండో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి లేచి, తన తరగతిలో పిల్లలు ఎలా కిక్కిరిసి కూర్చోవలసి వస్తోందో చెప్పి, 2025 అక్టోబరులో 51 వేల మంది ఉపాధ్యాయులు సమ్మె చేశాక బడుల్లో ఏం మారిందని అడగబోయింది. కార్యక్రమం ఆలస్యమవుతోందంటూ ఆ అమ్మాయి చేతిలోంచి మైకు తీసేసుకున్నారు. బడులు రాష్ట్ర ప్రభుత్వ బాధ్యత కాబట్టి, ఆ రోజు సభలో ఆయన జవాబు చెప్పవలసిన ప్రశ్న అదొక్కటే.

ఆల్బెర్టా రాష్ట్రంలోని క్యాల్గరీ నగరంలో వాయవ్యాన ఉంటున్న మనం ఇలా చేయడం మరీ విచారకరం. ఎందుకంటే మన ఫుట్‌హిల్స్ నియోజకవర్గం చరిత్ర చదివితే ఆల్బెర్టా రాజకీయం సగం అర్థమవుతుంది. సోషల్ క్రెడిట్ పార్టీ 36 ఏళ్ల పాలనకు ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ నాయకుడు పీటర్ లౌహీడ్ తెరదించిన 1971 ఎన్నికల్లోనే ఈ నియోజకవర్గం పుట్టింది. మొదటి సభ్యుడు లెన్ వెర్రీ 1973లో పదవిలో ఉండగానే మరణించారు. అప్పటి నుంచి 2014 దాకా ఎన్నిక ఏదైనా ఇక్కడ గెలిచింది ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీయే. ప్యాట్ నెల్సన్ ఇక్కడి నుంచి గెలిచే ఇంధన శాఖనూ, తరువాత ఆర్థిక శాఖనూ నిర్వహించారు. ఆమె తరువాత వచ్చిన లెన్ వెబర్ 2014 మార్చిలో ముఖ్యమంత్రి ఆలిసన్ రెడ్‌ఫర్డ్ నాయకత్వాన్ని బాహాటంగా విమర్శించి శాసనసభా పక్షం నుంచి బయటికొచ్చారు. కొద్ది రోజులకే రెడ్‌ఫర్డ్ రాజీనామా చేశారు.

తరువాత జరిగింది మనలో చాలామంది కళ్లారా చూసిందే. కొత్త ముఖ్యమంత్రి జిమ్ ప్రెంటిస్ 2014 అక్టోబరు 27న ఇక్కడి ఉప ఎన్నికలో గెలిచారు. 2015 మే 5న ఆయన తన సీటు నిలబెట్టుకున్నా, 44 ఏళ్లుగా ఏలిన పార్టీ రాష్ట్రంలో చిత్తుగా ఓడి అధికారం న్యూ డెమొక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ) చేతికి పోయింది. ఆ రాత్రే ఆయన పార్టీ నాయకత్వంతోపాటు గెలిచిన సీటునూ వదిలేశారు. ఏడాది తిరగకుండా ఇక్కడి ఓటర్లు మూడోసారి పోలింగ్ కేంద్రానికి వెళ్లవలసి వచ్చింది.

ఆ మూడో ఎన్నికలో వైల్డ్‌రోజ్ పార్టీ అభ్యర్థి ప్రసాద్ పాండా, ఉత్తరాంధ్రలో పుట్టిన ఇంజనీరు. మన తెలుగువాడు నిలబడ్డాడన్న ఉత్సాహంతో నేనూ కొన్ని సాయంత్రాలు కరపత్రాలు పట్టుకుని ఎడ్జ్‌మాంట్ వీధుల్లో తిరిగాను. ఒక ఇంటి ముందు పూలమొక్కలకు నీళ్లు పోస్తున్న పెద్దాయన కరపత్రం అందుకుని, అందులోని పేరు వైపు కాకుండా నా వైపు చూసి, గెలిస్తే ఈయనైనా నాలుగేళ్లూ ఉంటాడా అని అడిగారు. జీవితమంతా ఒకే పార్టీకి ఓటేశానని, మే నెలలో తన ఓటును ఒక్క రాత్రిలో పారేశారని అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. గొట్టం కుండీలోనే వదిలేశారు, నీళ్లు పొర్లి మెట్ల మీదుగా పారుతున్నాయి. మా అభ్యర్థి ఏ ఊరివాడో, ఏ భాష మాట్లాడతాడో ఆయన ఒక్క మాటా అడగలేదు. బాధ్యత గురించి ఒక ఓటరు ఇంత సూటిగా అడగడం నేను అంతకుముందెన్నడూ వినలేదు.

సెప్టెంబరు 3న పాండా గెలిచారు. వైల్డ్‌రోజ్, ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీలు కలిసి యునైటెడ్ కన్జర్వేటివ్ పార్టీ (యూసీపీ) అయ్యాక, నియోజకవర్గాల హద్దులు మారి ఎడ్జ్‌మాంట్ విడిగా ఏర్పడ్డాక, 2019లో అక్కడి నుంచి గెలిచి మౌలిక వసతుల మంత్రి అయ్యారు. 2023లో ఆయన 300 లోపు ఓట్ల తేడాతో ఎన్‌డీపీ అభ్యర్థి జూలియా హేటర్ చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఫుట్‌హిల్స్‌లో యూసీపీ అభ్యర్థి జేసన్ లువాన్ మీద ఎన్‌డీపీ అభ్యర్థి కోర్ట్ ఎలింగ్సన్ ఆధిక్యం కూడా 261 ఓట్లే. మన ఉగాది భోజనాలకు వచ్చే జనం అంతకంటే ఎక్కువే ఉంటారు. ఎవరు గెలవాలన్నది ఇక్కడ నా వాదన కాదు. మనవాడు ఓడాక మన సంఘంలో రాజకీయ చర్చే ఆగిపోవడం నన్ను కలవరపెడుతోంది.

మన ఊళ్లలో ఎన్నికల చర్చ కులం లెక్కల్లో, డబ్బు పంపకాల్లో కూరుకుపోయిన మాట నిజం. దాన్ని ఇక్కడికి దిగుమతి చేసుకోవద్దనే వారితో నేను ఏకీభవిస్తాను. కానీ 1983 ఎన్నికల్లో తమ ఊరి ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో టీ బల్ల దగ్గర కూర్చుని చెప్పగలిగే మా నాన్నగారి తరాన్ని తలచుకుంటే నాకు గౌరవమే కలుగుతుంది. రోడ్డు వేయలేదేమని ఎమ్మెల్యేను వీధిలో నిలబెట్టి అడిగిన తరం అది. ఆ పిల్లలమైన మనం, ఇక్కడ ఎమ్మెల్యే పక్కన ఫొటో దిగి సరిపెట్టుకుంటున్నాం. ఆసుపత్రుల్లో నిరీక్షణ, కారు బీమా, మన దేశంలో చదివిన నర్సులకూ ఇంజనీర్లకూ ఇక్కడ దొరకవలసిన గుర్తింపు, ఇవన్నీ ఎడ్మంటన్‌లోని శాసనసభ తేల్చేవే.

వచ్చే ఎన్నికలు 2027 అక్టోబరు 18న. నియోజకవర్గాల సంఖ్య పెరుగుతోంది, హద్దులు మళ్లీ మారుతున్నాయి. కొత్తగా పౌరసత్వం వచ్చినవారికి తాము ఏ నియోజకవర్గం కిందికి వస్తారో కూడా తెలియకపోవచ్చు. అందుకే కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను: ఎన్నికల ముందు అన్ని పార్టీల అభ్యర్థులనూ ఒకే వేదిక మీదికి పిలవండి. ఆ రోజు నృత్యాలు, సన్మానాలు వద్దు. సభ్యుల ప్రశ్నలు ముందే సేకరించి, బడుల్లో చదువుతున్న పిల్లలకు మొదటి అవకాశం ఇవ్వండి. ఎవరి చేతిలోంచి మైకు తీసేసుకున్నారో ఆ అమ్మాయి ఇంటికి మన అధ్యక్షులు స్వయంగా వెళ్లి, ఆ సభను నడిపే బాధ్యత తీసుకోమని అడగాలని నా విన్నపం.