కార్డు మీద ఊరి పేరు ఎక్కడ?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఏ తెలుగు వాట్సాప్ గ్రూపు తెరిచినా అవే కార్డులు, అంటే తెలుగు వార్తా సైట్ల లింకులతో వచ్చే బొమ్మలు. ఎర్ర బాణం, పసుపు అక్షరాలు, నోరు తెరిచిన ముఖం, కింద 'ఏం జరిగిందో తెలిస్తే షాకే!'. జరిగింది ఎక్కడో మాత్రం ఉండదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని తయారుచేసే ఈ బొమ్మలు ఇక్కడి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్ల దగ్గర ఎందుకు పనిచేయడం లేదని సైట్లు అడగాలి. జవాబు తేలికే. ఇక్కడ వేలిని ఆపేది ఊరి పేరు.

తిత్లీ తుపాను సంగతి తీసుకోండి. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది. కొండచరియలు విరిగిపడి ఎంతోమంది చనిపోయింది మాత్రం ఇవతల గజపతి జిల్లాలో. ఇలాంటి రోజున 'ఉత్తరాంధ్రకు హైఅలర్ట్' అని కార్డు వస్తే కాశీనగర్‌లో ఉన్నవాడు అది తనది కాదనుకుంటాడు. 'పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్: ఈ రాత్రి భారీ వర్షం' అని వేసి చూడండి. అతను తెరుస్తాడు, ఇంకో పదిమందికి పంపుతాడు. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే గంజాం కుర్రాడైతే తన ఊరి పేరు కనబడగానే డ్యూటీలో ఉన్నా నొక్కుతాడు.

షాక్ కార్డులకే క్లిక్కులొస్తాయని సైట్ల న్యూస్ డెస్కుల్లో వాదిస్తారు. మొదటి వారం నిజమే. కానీ నొక్కినవాడికి లోపల సరుకు లేకపోతే రెండో సెకనులో వెనక్కి పోతాడు. విషయం దాచిపెట్టి ఊరించే శీర్షికలను కిందికి తోస్తామని ఫేస్‌బుక్ 2016లోనే ప్రకటించింది. ఆ తర్వాత కూడా అదే బాణం గీస్తున్నారంటే అది వ్యూహం కాదు, బద్ధకం.

ఇక బొమ్మ తయారీ. షేర్ చేసిన లింకుతో కనిపించే కార్డుకు 1200 బై 630 పిక్సెళ్లు అలవాటైన కొలత. డిజైనర్ పెద్ద మానిటర్ మీద చూసుకుని మురిసిపోతాడు. వాట్సాప్‌లో అది బొటనవేలంత అవుతుంది. అందులో ఐదారు మాటలకు మించి చదవలేం. పైగా మన లిపికి కింద ఒత్తులు, పైన గుడులు. ఇంగ్లిష్ కార్డుకు పెట్టినంత ఇరుకుగా వరసలు పేరిస్తే పై వరస ఒత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. ఫోటోషాప్‌లో దక్షిణాసియా లిపుల సెట్టింగ్ పెట్టుకోకపోతే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. రామభద్ర, మండలి లాంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నా ఇంకా ఈ తిప్పలు! కొన్ని సైట్లయితే లింకుకు బొమ్మే జతచేయవు. తుపాను వార్త పంపితే సైటు లోగో వస్తుంది. దాన్ని ఎవరు నొక్కుతారు?

ఇంతకంటే పెద్ద సమస్య లిపి. ఇక్కడి కుర్రకారులో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదివారు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవాలంటే కూడబలుక్కోవాలి. వీళ్ల కోసం తెలుగు ఊరిపేరు కింద ఒడియాలో ఒక్క వరస వేస్తే ఏం పోతుంది? భాష పలచబడుతుందని కొందరు బాధపడతారు. పలచబడేది చదివేవాళ్లు లేనప్పుడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పటి నుంచి ఇక్కడి తెలుగువాళ్లను మన పత్రికలు చుట్టపుచూపుగానే పలకరించాయి. ఇప్పుడు సైట్లూ అంతే.

గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. సవర గిరిజనులకు చదువు చెప్పడానికి ముందు తను సవర భాష నేర్చుకున్నారు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పట్టుబట్టారు. ఆగస్టు 29న ఆయన జయంతికి ప్రతి సైటూ ఒక కార్డు వేస్తుంది. దాని మీద 'వ్యావహారిక భాషోద్యమ పితామహునికి ఘన నివాళులు' అని ఉంటుంది. వ్యావహారికం కోసం కొట్లాడిన మనిషికి ఈ భాషా? పర్లాకిమిడి తెలుగు పిల్లలు ఇవాళ ఏ లిపిలో చదువుతున్నారో చెప్పే కథనానికి ఆ రోజు ఒక్క కార్డు వేసినా అదే నివాళి అయ్యేది. క్లిక్కులూ వచ్చేవి, ఎందుకంటే అది వాళ్ల సొంత గొడవ.

కొఠియా గ్రామాల మాటా ఇంతే. ఆంధ్ర, ఒడిశా రెండూ మావంటున్న ఆ ఊళ్ల మీద కార్డు వేసినప్పుడల్లా ఇద్దరు ముఖ్యమంత్రుల ఫోటోలు ఎదురెదురుగా పెట్టి మధ్యలో మెరుపు గీస్తారు. ఆ జాగాలో ఊళ్లు ఎక్కడున్నాయో చూపే చిన్న మ్యాప్ పెట్టండి. సాలూరు నుంచి ఎంత దూరం, పొట్టంగి నుంచి ఎంత దూరం అని రెండు అంకెలు వేయండి. ముఖ్యమంత్రుల ముఖాలు జనానికి కొత్త కాదు, ఆ మ్యాప్ కొత్త.

మళ్లీ అక్టోబర్ తుపాన్లు వస్తాయి. ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పేర్లు రెండు లిపుల్లో రాసిపెట్టుకున్న టెంప్లేట్లు ఇప్పుడే సిద్ధం చేసుకోవడానికి ఒక డిజైనర్‌కు ఒక మధ్యాహ్నం చాలు.