6జీ కోసం ఆగమంటున్న ఆ మెసేజ్ నమ్మి ఏడాది ప్లాన్ వదులుకోకండి

కొన్ని వారాలుగా మా బంధువుల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఖరికి మా అమ్మ వాళ్ల భజన గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: 6జీ వచ్చేస్తోంది, అది వచ్చాక 5జీ ఫోన్లు పనికిరావు, ఏడాది రీఛార్జ్ చేసుకున్నవాళ్లు పాత నెట్‌వర్క్‌లోనే ఉండిపోతారు, కాబట్టి ఇప్పుడు ఎవరూ ఫోన్ కొనొద్దు, 28 రోజుల ప్లాన్ తప్ప ఏదీ వేయొద్దు, 6జీ సిమ్‌కి ఇప్పుడే పేరు నమోదు చేసుకోండి. కింద ఒక లింకు. పది మందికి పంపమని ఒక మాట.

చదివి వదిలేద్దాం అనుకున్నా కానీ మా మావయ్య గుర్తొచ్చి వదల్లేకపోతున్నా. తెనాలి దగ్గర పల్లెలో చిన్న కిరాణా కొట్టు ఆయనది. 2024 జూన్‌లో ఆయన ఏడాది ప్లాన్ అయిపోయింది, అప్పుడు కూడా ఇలాంటిదే ఎవరో చెప్పారు, కొత్తది ఏదో వస్తోందంట ఏడాదికి ఇరుక్కోవద్దు అని, ఆయన సరేనని నెల ప్లాన్ వేయించుకున్నాడు. జులై 3న రేట్లు పెరిగాయి. అప్పటిదాకా 2,999 రూపాయలున్న ఏడాది ప్లాన్ 3,599 అయ్యింది. ఒక్క వారం ముందు వేసుకుని ఉంటే ఏడాది పొడుగునా పాత రేటే నడిచేది, పెంపు వచ్చినా ముందే డబ్బు కట్టిన ప్లాన్ జోలికి రాదు కాబట్టి. ఆరు వందలు పెద్ద మొత్తమా అంటారేమో, పప్పు ఉప్పు మీద రూపాయి రెండు రూపాయలు మిగుల్చుకునే మనిషికి అది పెద్ద మొత్తమే అండీ. అందుకే ఆ మెసేజ్‌లో ఒక్కో మాటా పట్టుకుని రాస్తున్నా.

ముందు "వచ్చేస్తోంది" అన్న మాట. వస్తుంది, కాదనను, ఎప్పుడు అన్నదే అసలు సంగతి. ఐక్యరాజ్యసమితి కింద ఉండే టెలికాం సంస్థ ఐటీయూ 2023లో 6జీ ఎలా ఉండాలో ఒక చట్రం ఆమోదించింది, దానికి పెట్టుకున్న పేరే ఐఎంటీ-2030. మన కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22న విడుదల చేసిన భారత్ 6జీ విజన్ పత్రంలో పెట్టుకున్న గడువు కూడా 2030యే. ఫోన్లూ టవర్లూ ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో రాసే త్రీజీపీపీ అనే సంస్థ ఉంది, వాళ్ల మొదటి 6జీ స్పెసిఫికేషన్లే 2028 చివరికి ముందు రావు. ఏయే ఫ్రీక్వెన్సీలు వాడాలన్నది కూడా పూర్తిగా తేలలేదు, అందులో ముఖ్యమైన కొన్ని బ్యాండ్ల సంగతి 2027లో జరగాల్సిన ప్రపంచ రేడియో సదస్సులో తేలాలి. బ్యాండ్లు తేలాలి, రూల్సు రాయాలి, చిప్పులు చేయాలి, ఫోన్లు రావాలి, మన దగ్గర వేలం జరగాలి, టవర్ మీద సామాన్లు పెట్టాలి. ఇదంతా అయ్యాకే మన ఊరి సంగతి.

పోయినసారి ఏం జరిగిందో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 5జీకి మొదటి స్పెసిఫికేషన్ 2017 డిసెంబర్‌లో పూర్తయ్యింది. కొరియాలో, అమెరికాలో ఫోన్లకి సేవలు 2019 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. మన దేశంలో 2022 అక్టోబర్ 1న ప్రారంభించారు, అంటే వాళ్లకీ మనకీ మధ్య మూడున్నరేళ్లు. హైదరాబాద్‌కి ఎయిర్‌టెల్ మొదటి విడతలోనే ఆ అక్టోబర్‌లో ఇచ్చింది, జియో నవంబర్‌లో ఇచ్చింది, విజయవాడ గుంటూరు విశాఖ తిరుమలకి జియో 5జీ డిసెంబర్ చివర్లో వచ్చింది. వోడాఫోన్ ఐడియా అయితే ముంబైలో 5జీ మొదలుపెట్టిందే 2025 మార్చిలో. బీఎస్ఎన్ఎల్ సొంత టెక్నాలజీతో చేసిన 4జీని దేశమంతా ప్రారంభించింది 2025 సెప్టెంబర్‌లో, అది 4జీ అండీ, 6జీ కాదు. మన పాత ఫోను ఛార్జింగ్ పిన్ను ఊగిపోతుంటే దాన్ని పట్టుకుని 2030 దాకా, ఆపైన ఇంకో రెండు మూడేళ్లు ఆగమనడం ఏం సలహా?

వేగం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఆ మెసేజ్‌లో "వెయ్యి రెట్లు" అని కూడా ఉంది. ఐటీయూ చట్రంలో 6జీ గరిష్ఠ వేగానికి ఉదాహరణగా పరిశీలించమన్న అంకెలు సెకనుకి 50, 100, 200 గిగాబిట్లు. 5జీకి ఆ అంకె 20. అంటే ఎక్కువలో ఎక్కువ పది రెట్లు, అదీ ల్యాబులో దొరికే గరిష్ఠం. మామూలు మనిషి చేతికి అందాల్సిన వేగం అని అదే చట్రంలో ఇంకో అంకె ఉంది, అది 300, 500 మెగాబిట్లు, 5జీకి అది 100. మూడు రెట్లు, అయిదు రెట్లు. బాగుంటుంది, కాదనట్లేదు, కానీ వెయ్యి ఎక్కడ అయిదు ఎక్కడ. పైగా ఇవాళ మీ ఇంట్లో నెట్ నెమ్మదిగా ఉండటానికి కారణం చాలాసార్లు జీ ముందున్న అంకె కాదు. టవర్‌కి ఫైబర్ లేకపోవడం, ఒకే టవర్ మీద సాయంత్రం పూట ఊరంతా పడటం, 5జీ వాడే 3.5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండు గోడలు దాటేసరికి నీరసపడి ఫోను 4జీకి దిగిపోవడం, ఇవీ కారణాలు. 6జీకి చూస్తున్న 7 గిగాహెర్ట్జ్ పైన బ్యాండ్లు గోడల దగ్గర ఇంకా నీరసపడేవే, కాబట్టి టవర్లు ఇంకా దగ్గర దగ్గరగా కావాలి, ముందు పెద్ద సిటీల్లోనే వస్తుంది.

రెండోది, 5జీ ఫోన్లు పనికిరావు అన్నది. కొత్త జనరేషన్ వచ్చిన రోజున పాతది ఆగిపోదండీ, ఎప్పుడూ ఆగలేదు. 1995 జులై 31న అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కోల్‌కతా నుంచి ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి మన దేశంలో మొదటి మొబైల్ కాల్ చేశారు, అది 2జీ. మూడు దశాబ్దాల తర్వాత కూడా మా నాయనమ్మ బటన్ ఫోన్‌లో అదే 2జీ మీద మాట్లాడుతోంది. 3జీ మాత్రం మధ్యలో పోయింది, ఎయిర్‌టెల్ 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి 3జీ తీసేసి ఆ స్పెక్ట్రమ్ 4జీకి వాడుకుంది, అది నిజమే. కానీ అప్పటికి 3జీ వేలం జరిగి తొమ్మిదేళ్లు దాటింది, ఆ ఫోన్లు ఎప్పుడో మారిపోయాయి. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరి 22న 3జీ ఆపేసినప్పుడు ఇబ్బంది పడ్డది ఎవరంటే 4జీ మీద కాల్స్ వెళ్లని, అంటే వోల్టీ సరిగ్గా లేని పాత ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు. అంటే దెబ్బ తగిలింది ఆగినవాళ్లకే. ఈరోజు ఒక మంచి 5జీ ఫోన్ కొంటే అది ఎన్నేళ్లు వస్తుంది, నాలుగైదేళ్లు. బ్యాటరీ ముందు పోతుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు ముందు ఆగుతాయి, నెట్‌వర్క్ మాత్రం అప్పటికీ నడుస్తూనే ఉంటుంది.

అలాగని భవిష్యత్తుని చూసి ఎక్కువ డబ్బు పెట్టమని కూడా నేను చెప్పను. మన దేశంలో 5జీ ఫోన్లు అమ్మడం 2020లోనే మొదలుపెట్టారు, నెట్‌వర్క్ వచ్చింది 2022 చివర్లో, ఐఫోన్ వాళ్లకైతే మన దగ్గర 5జీ ఆన్ చేసే అప్‌డేట్ అందరికీ వచ్చేసరికి డిసెంబర్ అయ్యింది. అంటే ముందే కొన్నవాళ్లు రెండేళ్లు వాడని దానికి డబ్బు కట్టారు. పైగా ఆ తొలి ఫోన్లలో కొన్నిటికి ఒకటి రెండు బ్యాండ్లే ఉండేవి. కాబట్టి ఈరోజు ఫోన్ కొనేటప్పుడు బాక్స్ మీద 5జీ అని చూసి ఊరుకోకుండా స్పెసిఫికేషన్లలో ఎన్78 (అంటే 3.5 గిగాహెర్ట్జ్), ఎన్28 (అంటే 700 మెగాహెర్ట్జ్) బ్యాండ్లు రెండూ ఉన్నాయో లేదో చూడండి, ముఖ్యంగా జియో వాడేవాళ్లు, ఎందుకంటే 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ కొన్నది వాళ్లొక్కరే, ఇంటి లోపలికి బాగా వచ్చేది ఆ బ్యాండే. "6జీ రెడీ" అని ఎవరైనా ఏదైనా అమ్మితే మాత్రం కొనకండి, స్పెసిఫికేషనే రాయనిదానికి రెడీ ఏమిటి.

ఇక అసలు సంగతి, ఏడాది ప్లాన్ వేస్తే పాత నెట్‌వర్క్‌లో ఇరుక్కుపోతారు అన్నది. ఇది పచ్చి అబద్ధం. మన దగ్గర ఏడాది ప్రీపెయిడ్ ప్లాన్ వేసినంత మాత్రాన ఒక జనరేషన్‌కి కట్టుబడిపోం. 2022లో 5జీ వచ్చినప్పుడు చాలామందికి కొత్త ప్లాన్ కొనాల్సిన పని రాలేదు. ఉన్న సిమ్, ఉన్న రీఛార్జ్, ఫోన్‌లో 5జీ ఉండి ఊళ్లో సిగ్నల్ ఉంటే దానంతట అదే వచ్చింది, జియో 239 రూపాయలు, అంతకన్నా పై ప్లాన్ ఉంటే చాలంది. ఏడాది ప్లాన్‌లో ఉన్నవాళ్లకీ వచ్చింది, మా ఇంట్లోనే వచ్చింది. తర్వాత 2024 జులై పెంపుతో పాటు జియో, ఎయిర్‌టెల్ ఒక మార్పు చేశాయి, రోజుకి 2 జీబీ, అంతకన్నా ఎక్కువ ఉన్న ప్లాన్లకే అన్‌లిమిటెడ్ 5జీ అని. చూడండి, ఇక్కడ నష్టపోయింది ఎవరు, నెల నెలా 1.5 జీబీ ప్లాన్ వేసుకునేవాళ్లు. ఆ మెసేజ్ మాట విని చవకలో 28 రోజుల ప్లాన్ వేసుకునేవాళ్లూ అక్కడికే చేరతారు.

లెక్క వేద్దాం. 2024 జులై రేట్లలో అన్‌లిమిటెడ్ 5జీ వచ్చే 28 రోజుల జియో ప్లాన్ 349. ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు వేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు. మొత్తం 4,537. ఏడాది ప్లాన్ 3,599. తేడా 938 రూపాయలు. తక్కువ డేటా వచ్చే 299 ప్లాన్ వేసుకున్నా పదమూడు సార్లకి 3,887 అవుతుంది, అంటే తక్కువ ప్లాన్‌కి ఎక్కువ కట్టినట్టు. మధ్యలో రేటు పెరిగితే ఆ దెబ్బ వేరు.

ఏడాది ప్లాన్‌కి నిజంగానే ఒక ఇబ్బంది ఉంది, కానీ ఆ మెసేజ్ రాసినవాళ్లకి అది తట్టలేదు. మధ్యలో వేరే కంపెనీకి పోర్ట్ అయితే మిగిలిన రోజుల డబ్బు పోయినట్టే. పైగా ఒక నెట్‌వర్క్‌లో చేరాక 90 రోజులు దాటితేగానీ పోర్ట్ అవ్వలేం. కాబట్టి ఇల్లు మారబోతున్నవాళ్లు, పిల్లల్ని కొత్త ఊళ్లో హాస్టల్లో వేస్తున్నవాళ్లు, కొత్తగా పోర్ట్ అయినవాళ్లు, వీళ్లు ముందు ఒక నెల ప్లాన్ వేసి చూడటమే మంచిది. వంటింట్లో, పడగ్గదిలో, కొట్టు లోపల, పొద్దున ఒకసారి సాయంత్రం ఏడెనిమిదికి ఒకసారి, పక్కింటివాళ్ల వేరే కంపెనీ సిమ్‌తో పోల్చి చూడండి. బాగుంటే అప్పుడు ఏడాదికి వేయండి. ఇంట్లో వైఫై ఉండి బయటికి పెద్దగా వెళ్లని పెద్దవాళ్లకి అసలు డేటా ప్లానే అక్కర్లేకపోవచ్చు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో ఆదేశించాక కంపెనీలు కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాకులు పెట్టాయి, అడిగితేగానీ షాపువాళ్లు చెప్పరు, అడగండి.

సిమ్ నమోదు లింకు గురించి రెండు మాటలే. 6జీ సిమ్ అనేది ఇప్పుడు ఎక్కడా లేదు. 5జీ అప్పుడు కూడా ఎయిర్‌టెల్, జియో రెండూ ఉన్న 4జీ సిమ్మే చాలన్నాయి, అయినా సిమ్ అప్‌గ్రేడ్ చేస్తామంటూ ఓటీపీలు అడిగి నంబర్ కొట్టేసి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన మోసాలు జరిగాయి. ఆ లింకు నొక్కొద్దు, ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఒక్కటి మాత్రం ఫోన్ చేసి మరీ చెప్పండి. ఇప్పటికే నొక్కి డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ల గ్రూపుల్లో కూడా ఇదే తిరుగుతోందని మా చెల్లి చెప్పింది. అక్కడ సంగతి వేరు, అక్కడ నిజంగానే కట్టుబాటు ఉంటుంది. ఫోన్ ఫ్రీ అంటారు, కానీ ఆ డబ్బు నెల నెలా బిల్లులో తగ్గింపుగా వస్తుంది, వెరైజన్, ఏటీ అండ్ టీ లాంటివాళ్ల దగ్గర 36 నెలల పాటు. మధ్యలో మానేస్తే మిగతా తగ్గింపు పోయి ఫోన్ బాకీ మీద పడుతుంది. ఎమ్మెస్‌కి వెళ్లిన పిల్లలు రెండేళ్లలో చదువయ్యాక ఏ రాష్ట్రంలో ఉంటారో, అక్కడ ఆ కంపెనీ సిగ్నల్ ఎలా ఉంటుందో వాళ్లకే తెలియదు. వాళ్లకి మూడేళ్ల ఒప్పందం వద్దనే నేనూ అంటా, కానీ ఆ కారణంగా, 6జీ కారణంగా కాదు. అన్‌లాక్డ్ ఫోన్ పట్టుకెళ్లి ప్రీపెయిడ్ వేసుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు మారొచ్చు.

మొన్న ఆదివారం మావయ్య మళ్లీ ఫోన్ చేశాడు, ఈ మెసేజే చదివి వినిపించి "ఏం చేయమంటావురా" అని. కొట్లో ఏ సిమ్ బాగా వస్తోంది, యూపీఐ డబ్బు పడ్డట్టు మెసేజ్ వెంటనే వస్తోందా అని అడిగా. పక్క ఇస్త్రీ కొట్టాయన సిమ్ పెట్టి రెండు రోజులు చూశాడు, తనదే బాగుందన్నాడు. నిన్న సాయంత్రం ఏడాదికి వేసేశాం.