ఆటలు రచ్చ గెలుస్తాయి సరే, ఎక్స్‌బాక్స్ ఇంట గెలిచేదెప్పుడు?

2026లో మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమింగ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ చేతిలో ఉన్న గేమ్స్ లిస్ట్ చూస్తే నోరూరుతుంది, అదే టైంలో ఎవరైనా ఫోన్ చేసి కన్సోల్ కొందామనుకుంటున్నా ఏది తీసుకోమంటావ్ అంటే ఎక్స్‌బాక్స్ అని చెప్పడానికి నోరు రావట్లేదు. ఫోర్జా హొరైజన్ 6, ఫేబుల్, గేర్స్ ఆఫ్ వార్ ఈ-డే, హేలో క్యాంపెయిన్ ఎవాల్వ్డ్, ఈ నాలుగూ 2026లోనే అని కంపెనీయే చెప్పింది. మొదటి ఎక్స్‌బాక్స్ 2001 నవంబర్లో వచ్చింది కాబట్టి పాతికేళ్ల పండగ కూడా అదే ఏడాది. పండగకి వంటలన్నీ రెడీ, ఇంట్లో మనుషులే తగ్గిపోతున్నారు.

తగ్గిపోతున్నారు అని ఊరికే అనట్లేదు. 2025 జులై నుంచి సెప్టెంబర్ దాకా మూడు నెలల లెక్క మైక్రోసాఫ్టే చెప్పింది, ఎక్స్‌బాక్స్ హార్డ్‌వేర్ ఆదాయం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 29 శాతం పడింది. ఎన్ని కన్సోళ్లు అమ్మారో మాత్రం 2015 నుంచి వాళ్లు చెప్పడం మానేశారు, గొప్పగా చెప్పుకునే నంబరే ఉంటే ఎవడైనా దాచుకుంటాడా. అవతల సోనీ 2025 సెప్టెంబర్ చివరికి తన కన్సోల్ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) లు 8 కోట్ల 42 లక్షలు పంపించాం అని దర్జాగా వేసుకుంటోంది.

అసలు ఈ ఓటమి ఇప్పటిది కాదు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ వచ్చినప్పుడు దాన్ని గేమింగ్ డబ్బాలా కాకుండా టీవీ డబ్బాలా చూపించారు, కినెక్ట్ కెమెరా తప్పనిసరి అన్నారు, ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయి చెక్-ఇన్ చేస్తుండాలన్నారు, సెకండ్ హ్యాండ్ డిస్కుల మీద ఆంక్షలన్నారు, జనం తిట్టేసరికి నెల తిరగకుండానే చాలావరకు వెనక్కి తగ్గారు కానీ రేటు మాత్రం 499 డాలర్లు, పీఎస్4 ఏమో 399. ఆ వంద డాలర్ల తేడా, ఆ చెడ్డపేరు కలిసి ఆ జనరేషన్ మొత్తాన్ని మింగేశాయి. అప్పటి ఎక్స్‌బాక్స్ బాస్ ఫిల్ స్పెన్సర్ 2023లో ఒక ఇంటర్వ్యూలో దాదాపు ఇదే ఒప్పుకున్నాడు, ఓడిపోకూడని జనరేషన్ ఏదైనా ఉంటే అదే, సరిగ్గా అప్పుడే ఓడిపోయాం అని, ఎందుకంటే జనం డిజిటల్‌గా గేమ్స్ కొనుక్కుని లైబ్రరీ కట్టుకున్నది అప్పుడే. నాకు ఇది చాలా పెద్ద పాయింట్ అనిపిస్తుంది. డిస్కుల కాలంలో ఒక కన్సోల్ నచ్చకపోతే డిస్కులు అమ్మేసి ఇంకోటి కొనుక్కునేవాళ్లం, ఇప్పుడు అకౌంట్లో ఎనభై గేమ్స్, ఫ్రెండ్స్ లిస్ట్, ట్రోఫీలు అన్నీ పెట్టుకున్నోడు ఎంత మంచి గేమ్ వచ్చినా పక్కింటికి మారడు. అంటే మంచి ఎక్స్‌క్లూజివ్ (ఒక్క కన్సోల్‌లోనే దొరికే గేమ్) ఒకటి పడితే చాలు జనం తిరిగొచ్చేస్తారు అనే ఆశ 2013లోనే సగం చచ్చిపోయింది.

ఆ సంగతి తెలిసి కూడా వాళ్లు చేసిన పని ఏంటంటే స్టూడియోలు కొనడం. 2020 సెప్టెంబర్లో బెథెస్డా స్టూడియో మాతృసంస్థ జెనిమ్యాక్స్‌ని 7.5 బిలియన్ డాలర్లకి అనౌన్స్ చేశారు, 2022 జనవరిలో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని 68.7 బిలియన్లకి, అది 2023 అక్టోబర్ 13న పూర్తయింది. మనలాంటోళ్లం అప్పుడు ఏమనుకున్నాం, ఇక సోనీ పని అయిపోయింది, యాక్టివిజన్ గేమ్ కాల్ ఆఫ్ డ్యూటీ మనదే అనుకున్నాం. జరిగింది తలకిందులు. అంత డబ్బు పెట్టాక అది తిరిగి రావాలి కదా, రావాలంటే ఎక్కువ మంది ఉన్న చోట అమ్మాలి, ఎక్కువ మంది ఎక్కడున్నారు, పీఎస్5 మీద. కాల్ ఆఫ్ డ్యూటీకి పదేళ్లు ప్లేస్టేషన్‌లో కూడా ఉంటుందని సోనీతో ముందే సంతకం అయిపోయింది. తర్వాత 2024లో సీ ఆఫ్ థీవ్స్, హై-ఫై రష్ లాంటి నాలుగు గేమ్స్ మొదట బయటికి పంపి చూశారు, తర్వాత 2025 ఏప్రిల్లో ఇండియానా జోన్స్, ఫోర్జా హొరైజన్ 5, ఆగస్టులో గేర్స్ ఆఫ్ వార్ రీలోడెడ్, చివరికి అక్టోబర్లో హేలో కూడా పీఎస్5కి వస్తోందని చెప్పేశారు. హేలో అంటే ఎక్స్‌బాక్స్ పుట్టిన రోజు దాంతో పాటే పుట్టిన గేమ్, అది పోయాక ఇంట్లో దాచుకోవడానికి ఇంకేం లేదు.

ఇక్కడ నేను చాలామంది ఎక్స్‌బాక్స్ ఫ్యాన్స్‌తో ఏకీభవించను. అవతలోడు ఫోర్జా ఆడితే నాకు పోయేదేం లేదు, ఇంకా ఆన్‌లైన్లో రేస్ చెయ్యడానికి జనం పెరుగుతారు. స్టూడియో వాళ్లకి నాలుగు డబ్బులొస్తే ఇంకో గేమ్ తీస్తారు. ఎక్స్‌క్లూజివ్ పోవడం తప్పు అని నేననను, కానీ అది పోయాక డబ్బా కొనడానికి వేరే కారణం ఒకటి చూపించాలి, ఉన్నవి రెండే, ఒకటి డబ్బా చవగ్గా ఉండాలి, రెండు నెలకింత కట్టి బోలెడు గేమ్స్ ఆడుకునే గేమ్ పాస్ చవగ్గా ఉండాలి. ఈ రెండింటినీ 2025లో వాళ్ల చేతులతో వాళ్లే తీసేశారు, నా బాధంతా ఇక్కడే.

అమెరికాలో పెద్ద ఎక్స్‌బాక్స్ అయిన సిరీస్ ఎక్స్ 2020లో 499 డాలర్లకి వచ్చింది. మామూలుగా కన్సోల్ ముసలిదయ్యే కొద్దీ రేటు తగ్గాలి, ఇది 2025 మేలో 599 అయింది, అక్టోబర్లో 649.99 అయింది. టారిఫ్‌లు, మార్కెట్ పరిస్థితులు అన్నారు, సోనీ కూడా పెంచింది నిజమే, కానీ సోనీ పెంచితే గెలుస్తున్నోడు పెంచినట్టు, వీళ్లు పెంచితే అర్థం ఏంటి. ఇక గేమ్ పాస్ అల్టిమేట్, అదే అక్టోబర్లో 19.99 నుంచి ఒక్క దెబ్బకి 29.99. మన దగ్గర 2022లో నెలకి 499 రూపాయలున్న ప్లాన్ మెల్లగా 829 అయి, అక్కడి నుంచి 1,389కి ఎగిరింది. గేమ్ పాస్ నాకెప్పుడూ అమీర్‌పేట మెస్సు టోకెన్లా అనిపించేది, నెల డబ్బులు కట్టేస్తే ఈరోజు ఏం వండారో చూడకుండా వెళ్లి కూర్చోవచ్చు, ఒకరోజు పప్పే అయినా ఇంకోరోజు చికెన్ పడుతుంది. క్లేర్ అబ్స్క్యూర్ అలాగే పడింది 2025 ఏప్రిల్లో, మొదటి రోజే, అసలు పేరు కూడా తెలియని ఫ్రెంచ్ స్టూడియో గేమ్, విడిగా అయితే చాలామంది కొనేవాళ్లు కాదు. కానీ మెస్సు రేటు హోటల్ రేటు అయ్యాక ఎవడైనా ఏం చేస్తాడు, ఇష్టమైంది ఆర్డర్ పెట్టుకుంటాడు.

ఎందుకు పెంచారు అంటే దీని మీద బ్లూమ్‌బర్గ్ ఒక కథనం రాసింది, గేమింగ్ విభాగం 30 శాతం లాభాల మార్జిన్ చూపించాలని పైవాళ్లు టార్గెట్ పెట్టారట. గేమ్ ఇండస్ట్రీలో అది మామూలు టార్గెట్ కాదు. ఆ మాట నిజమనుకుని వెనక్కి చూస్తే అన్నీ వరసగా అర్థమవుతాయి, 2024 జనవరిలో 1,900 మందిని తీసెయ్యడం, మేలో హై-ఫై రష్ తీసిన టాంగో గేమ్‌వర్క్స్‌ని మూసెయ్యడం (తర్వాత క్రాఫ్టన్ వాళ్లు దాన్ని కాపాడారు అనుకోండి), 2025 జులైలో పర్ఫెక్ట్ డార్క్, ఎవర్‌వైల్డ్ రెండూ క్యాన్సిల్. పర్ఫెక్ట్ డార్క్ 2020లో అనౌన్స్ చేశారు, దాన్ని తీస్తున్న ది ఇనీషియేటివ్ స్టూడియోకి కూడా తాళం. ఇన్నేళ్లు ట్రైలర్లు చూపించి చూపించి చివరికి లేదు పొమ్మంటే, కొత్త ట్రైలర్ చూసినప్పుడు మనకి వచ్చే మొదటి ఆలోచన ఇది బాగుంది అని కాదు, ఇది బతుకుద్దా అని.

ఈ కంపెనీకి పైనున్నది మన హైదరాబాద్ సత్య నాదెళ్లే, 2014లో ఆయన సీఈవో అయినప్పుడు ఎక్స్‌బాక్స్‌ని వదిలించుకుంటారని అందరూ అన్నారు, వదిలించుకోకపోగా చరిత్రలోనే అతి పెద్ద గేమింగ్ కొనుగోలు చేశారు. గేమింగ్‌కి పోటీ వేరే కన్సోల్ కాదు, చిన్న వీడియోలు అని ఈ మధ్య ఆయన అన్న మాటలో నిజం ఉంది, రాత్రి పదింటికి కంట్రోలర్ పట్టుకోవాల్సినోడు రీల్స్ చూస్తూ నిద్రపోతున్నాడు, నాతో సహా. కాకపోతే అలా ఆలోచించే మనిషికి డబ్బా మీద మమకారం ఉండదు, గేమ్ ఎక్కడ ఆడినా ఒకటే.

మన వైపు కథ ఇంకా విచిత్రం. ఎక్స్‌బాక్స్ 360 మన దేశంలో 2006లో వచ్చినప్పుడు అక్షయ్ కుమార్, యువరాజ్ సింగ్‌లతో ప్రచారం చేయించారు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ వైపు తిరిగినోళ్లకి తెలుసు ఆ రోజుల్లో మోడ్ చేసిన (కాపీ గేమ్స్ ఆడేలా మార్చిన) 360లు, కాపీ డిస్కులు ఎలా నడిచేవో, దొంగ దారే కావచ్చు కానీ ఒక తరం ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కి అలవాటు పడింది అలాగే. ఆ తర్వాత పీఎస్4 2014 జనవరిలో వచ్చేస్తే ఎక్స్‌బాక్స్ వన్ సెప్టెంబర్ దాకా రాలేదు, చేతులారా వదిలేశారు. 2020లో మళ్లీ ఒక ఛాన్స్ దొరికింది, సిరీస్ ఎక్స్, ఎస్ ప్రపంచంతో పాటే నవంబర్ 10న ఇక్కడా దిగాయి, పీఎస్5 తర్వాతి ఫిబ్రవరిలో కానీ రాలేదు, 34,990కి సిరీస్ ఎస్, పైన చవక గేమ్ పాస్, మిడిల్ క్లాస్ కుర్రాడికి అంతకంటే మంచి డీల్ ఏముంది. నేను తీసుకున్నది కూడా ఎస్సే. ఆ మూడు నెలల ముందడుగుని, ఆ రేటుని పట్టుకుని వాళ్లు ఏమైనా చేసుంటే బాగుండేది. 2025 నవంబర్లో క్లౌడ్ గేమింగ్, అంటే కన్సోల్ లేకుండా ఇంటర్నెట్ మీదే గేమ్ ఆడటం, ఇక్కడికి తెచ్చారు, సంతోషమే, కానీ అది కూడా డబ్బా అక్కర్లేదని చెప్పే పనే కదా.

సరే గేమ్స్ దగ్గరికి వద్దాం. అన్నిట్లోకి నేను కళ్లు మూసుకుని నమ్మేది ఫోర్జా హొరైజన్ 6. ఏళ్ల తరబడి జనం జపాన్ జపాన్ అని అడుగుతూనే ఉన్నారు, వీళ్లు ఆస్ట్రేలియా వెళ్లారు, బ్రిటన్ వెళ్లారు, మెక్సికో వెళ్లారు, చివరికి 2025 టోక్యో గేమ్ షోలో జపాన్ అని చెప్పారు. కొండ రోడ్లు, డ్రిఫ్టింగ్, చిన్న చిన్న జపనీస్ కార్లు, సిటీలో రాత్రి లైట్లు, ఈ సిరీస్‌కి ఇంతకంటే సరిపోయే దేశం లేదు, దీన్ని తీసే ప్లేగ్రౌండ్ స్టూడియో వాళ్లు ఇంతవరకు ఒక్క హొరైజన్ కూడా చెడగొట్టలేదు. ఇది ముందు ఎక్స్‌బాక్స్, పీసీలో, తర్వాత పీఎస్5లో. అంటే ఎక్స్‌బాక్స్ ఉన్నోడికి ఇప్పుడు దొరికే గౌరవం ఎక్స్‌క్లూజివ్ కాదు, కొన్నాళ్లు ముందు ఆడుకోవడం, అంతే.

ఫేబుల్ కూడా ప్లేగ్రౌండ్ వాళ్లదే కానీ దాని మీద నాకు భయం ఉంది, ఎందుకంటే కార్ల గేమ్స్ తీసేవాళ్లు ఆర్పీజీ (పాత్రలో దూరి కథ నడిపే గేమ్) తియ్యడం, పైగా 2020లో అనౌన్స్ చేసి 2025 అని చెప్పి 2026కి జరిపారు. పాత ఫేబుల్ తీసిన లయన్‌హెడ్‌ని మూసేసింది కూడా మైక్రోసాఫ్టే, 2016లో. కానీ చూపించినంతవరకు ఆ వెటకారం, ఆ బ్రిటిష్ పల్లెటూరి అల్లరి ఉంది, అది పండితే ఏడాదిలో అందరూ మాట్లాడుకునేది ఇదే అవుతుంది. హేలో విషయానికొస్తే 2001 నాటి క్యాంపెయిన్‌ని (కథ భాగాన్ని) అన్‌రియల్ ఇంజిన్ 5లో మళ్లీ కడుతున్నారు, మూడు కొత్త మిషన్లు, కో-ఆప్ (కలిసి ఆడటం), కానీ పోటీ మల్టీప్లేయర్ లేదు, ఇది హేలో తెలిసినోళ్ల కోసం కాదు, పీఎస్5లో హేలో పేరు మాత్రమే విన్నోళ్ల కోసం. గేర్స్ ఈ-డే బాగుంటుంది, బాగుండకపోవడానికి కారణం కనిపించట్లేదు. స్టేట్ ఆఫ్ డికే 3 మాత్రం 2020 నుంచి అలా నడుస్తూనే ఉంది, వస్తే చూద్దాం.

2025 కూడా గేమ్స్ పరంగా చెడ్డ ఏడాది కాదు, అవౌడ్, సౌత్ ఆఫ్ మిడ్‌నైట్, డూమ్ ది డార్క్ ఏజెస్, నింజా గైడెన్ 4, అవుటర్ వరల్డ్స్ 2, అన్నీ ఒక్క ఏడాదిలోనే. అంటే గేమ్స్ లేవు అనే పాత ఫిర్యాదు తీరిపోయింది, అదే సంవత్సరం జులై-సెప్టెంబర్లో హార్డ్‌వేర్ ఆదాయం 29 శాతం పడింది, గేమ్స్‌కీ డబ్బాకీ మధ్య ఉన్న తాడు తెగిపోయిందనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవాళ్లు అన్నారు, వీళ్లు రచ్చలోనే గెలుస్తున్నారు.

మరి ఉన్నోళ్లం ఏం చెయ్యాలి. అమ్మకండి, నేనైతే అమ్మను. ఈ రోజుకి కూడా పాత గేమ్స్‌ని ఎక్స్‌బాక్స్ నడిపినంత బాగా పక్క కన్సోల్ నడపట్లేదు, మొదటి ఎక్స్‌బాక్స్, 360 గేమ్స్‌లో వందలకొద్దీ డిస్క్ డ్రైవ్ ఉన్న సిరీస్ ఎక్స్‌లో పెడితే లేచి ఆడతాయి, కొన్నిటికి ఫ్రేమ్ రేట్ కూడా పెంచారు, ఎక్స్‌బాక్స్‌లో డిజిటల్‌గా కొన్నవాటిలో చాలా గేమ్స్ పీసీలో కూడా ఫ్రీగా వస్తాయి. స్పెన్సర్ చెప్పిన ఆ లైబ్రరీ లాజిక్ మనకీ వర్తిస్తుంది. కొత్తగా కొనేవాళ్లకి మాత్రం ఇప్పుడు కొనమని చెప్పను, పైగా తర్వాతి మెషిన్ చిప్ కంపెనీ ఏఎమ్‌డీతో కలిసి చేస్తున్నారు, చాలా ప్రీమియంగా ఉంటుందని 2025లో అప్పటి ఎక్స్‌బాక్స్ ప్రెసిడెంట్ సారా బాండే అంది. ప్రీమియం అంటే రేటు అని మనకి తెలియనిదేం కాదు, ఆసుస్‌తో కలిసి 2025 అక్టోబర్లో తెచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ ఆలై ఎక్స్ మన దగ్గర 1,14,990 రూపాయలకి వచ్చింది, ఆ డబ్బుతో మంచి గేమింగ్ ల్యాప్‌టాప్ వస్తుంది.

అన్నిటికంటే అసలు పరీక్ష వీళ్ల సొంత గేమ్‌తో కాదు, 2026 నవంబర్ 19కి వాయిదా పడ్డ రాక్‌స్టార్ కంపెనీ గేమ్ జీటీఏ 6తో. దాని కోసమే మొదటిసారి కన్సోల్ కొనేవాళ్లు లక్షల్లో ఉంటారు, మన విజయవాడలో, వరంగల్లో కూడా, పీసీలో ఎప్పుడొస్తుందో రాక్‌స్టార్ చెప్పనేలేదు కాబట్టి ఇంకో దారి లేదు. ఆ కుర్రాడు షాపులోకి వెళ్లి చవగ్గా జీటీఏ 6 ఆడే డబ్బా ఏదన్నా అని అడిగినప్పుడు సిరీస్ ఎస్ స్టాక్‌లో ఉండి, రేటు 2020 నాటి రేటుకి దగ్గర్లో ఉంటే ఎక్స్‌బాక్స్‌కి ఇంకా ఒక ఛాన్స్ ఉన్నట్టే, లేకపోతే షాపువాడు పీఎస్5 బిల్లు రాసేస్తాడు, ఆ కుర్రాడు ఇంటికెళ్లి అందులో ఫోర్జా కూడా ఆడుకుంటాడు.