హై అథారిటీ ఒక్కడి రాజ్యం కాదు
బొగ్గు, ఉక్కు వ్యవహారాలను ఉమ్మడిగా చూసుకోవడానికి ఆరు యూరప్ దేశాలు పెట్టుకున్న యూరోపియన్ బొగ్గు, ఉక్కు సమాజం 1952లో మొదలైంది. దాన్ని జీన్ మోనే ఒంటిచేత్తో నడిపాడని నేను చదివిన ఒక వ్యాసం అంటోంది, ఆ మాట దగ్గరే నాకు పేచీ. ఆ సమాజాన్ని నడిపే బృందమైన హై అథారిటీకి ఆయన తొలి అధ్యక్షుడు, నిజమే. కానీ లక్సెంబర్గ్‌లో ఆ బల్ల చుట్టూ కూర్చున్నది తొమ్మిది మంది, నిర్ణయాలు మెజారిటీతో జరిగేవి. ఎనిమిది మందిని ఆరు దేశాల ప్రభుత్వాలు నియమిస్తే, తొమ్మిదో మనిషిని ఆ ఎనిమిది మందే ఎన్నుకున్నారు. అలా వచ్చినాయన బెల్జియం కార్మిక సంఘ నాయకుడు పాల్ ఫినే. కార్మిక నాయకుడికి అక్కడ కుర్చీ వేయడం నాకైతే భలే నచ్చింది. 1958లో ఆయనే అధ్యక్షుడయ్యాడు కూడా. సభ్యులెవరూ సొంత దేశ ప్రభుత్వం మాట వినకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. ఖర్చులకూ ప్రభుత్వాల ముందు చెయ్యి చాచే పని లేదు, బొగ్గు, ఉక్కు కంపెనీల నుంచి నేరుగా లెవీ, అంటే ఒక రకం పన్ను, వసూలు చేసుకునేవారు. అసలు బలం అదీ, మోనే ఒక్కడిది కాదు. ఇంకో సంగతి వ్యాసంలో రానే లేదు. ఇంత అధికారం ఉన్నా 1959లో అమ్ముడుపోని బొగ్గు గనుల దగ్గర గుట్టలుగా పేరుకుపోతే, సంక్షోభం ప్రకటించి ఉత్పత్తికి కోటాలు పెడతామని హై అథారిటీ అడిగింది. సభ్య దేశాల మంత్రులుండే మంత్రుల మండలి ఒప్పుకోలేదు. అప్పటికి మోనే పదవి వదిలి నాలుగేళ్లు. బాధ్యత వీళ్ల నెత్తిన, తాళం చెవి మంత్రుల జేబులో అన్నట్టు తయారైంది.